పడిన చోటి మన్ను

నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటే చదివేవారు మన్నించాలి. ఒక్కో పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. కథ మెల్లగా నడిచిందనిపిస్తే రాసిన చెయ్యి అలాంటిదని అనుకోండి.

*

సోమవారం పోస్టుమాన్ వచ్చేసరికి హనుమమ్మ రొట్టెలు తడుతోంది. జొన్నపిండి ముద్దను రాతిపలక మీద పెట్టి, కుడి అరచేత్తో తడుతూ, ఎడమచేతి వేళ్లతో అంచును నెట్టి తిప్పుతుంది. నడుమ చెయ్యి ఆగితే అంచు పగులుతుంది. జహీరాబాద్ స్టేషన్ రోడ్డు హోటలు వాళ్లు పగిలిన రొట్టె తీసుకోరు. అందుకని పోస్టుమాన్ గడపలో నిలబడి "రిజిస్టరీ" అన్నా ఆమె లేవలేదు. కూతురికి కేకేసింది.

"వర్షితా, చూడు బిడ్డా. ఢిల్లీదేనా?"

వర్షిత సంతకం పెట్టి కవరు తీసుకుంది. "ఢిల్లీదే అమ్మా."

"చదువు మరి."

"ముందు నీ రొట్టెలు కానియ్యి."

"రొట్టెలకు చేతులు కావాలె గని చెవులెందుకే? చదువు."

కాగితం ఒక పక్క హిందీలో, ఒక పక్క ఇంగ్లీషులో ఉంది. వర్షిత ముందు తనలో తాను చదువుకుంది. పెదవులు కదులుతూ కదులుతూ ఆగిపోయాయి.

"ఏమన్నరు?"

"మూడు అడిగినం కదా అమ్మా. అన్న ఏ ఊర్ల సచ్చిపోయిండు, ఎట్ల సచ్చిపోయిండు, ఆడి మన్ను పిడికెడు. మొదటిది చెప్పరాదంట. దేశం భద్రతకు, ఇంకో దేశంతోని ఉన్న దోస్తానుకు ఇబ్బందంట."

"రెండోది?"

"అది ఇంతకుముందే చెప్పిన్రంట. డ్యూటీ చేసుకుంట ఫీల్డ్ ఏరియాల పోయిండని."

"గది ఏ ఊరు?"

"ఊరు కాదమ్మా. డ్యూటీ చేసే జాగను గట్లంటరు."

"మూడోది?"

వర్షిత గొంతు సవరించుకుంది. "అడిగిన మట్టి ఈ కార్యాలయం అధీనంలో లేదు అని రాసిన్రు."

హనుమమ్మ రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు అద్దింది. ఆవిరి లేచి ముఖానికి కొట్టింది. "మన్ను ఆఫీసుల ఉన్నదని ఎవరన్నరు? ఉన్న కాడికెల్లి తెమ్మన్నం గని," అంది.

హనుమమ్మ కొడుకు శివరాజ్ పోయి ఆ ఆదివారానికి ఏడాది. ఐక్యరాజ్యసమితి పిలిస్తే మన దేశం ఆఫ్రికాలో ఒక దేశానికి పంపిన సైనికుల్లో వాడొకడు. పెట్టెలో తిరిగి వచ్చాడు. పెట్టె మీద జెండా, జెండా మీద నీలిరంగు టోపీ. తెరవవద్దన్నారు. న్యాల్‌కల్ దగ్గర సొంత చేనులోనే పూడ్చారు, తుపాకులు పేల్చారు, వెళ్లిపోయారు.

ఆ ఇంట్లో పాత పద్ధతి ఒకటి ఉంది. ఇంటికి దూరంగా ప్రాణం పోయినవాళ్లు పడిన చోటి నుంచి పిడికెడు మన్ను తెచ్చి, సమాధి గద్దెను మెత్తే మట్టిలో కలుపుతారు. హనుమమ్మ పెనిమిటి బీదర్ రోడ్డు మీద చెరకు ట్రాక్టరు కింద పడినప్పుడు ఆ రోడ్డంచు మన్ను తువ్వాలలో కట్టుకుని తెచ్చారు. పోలేనంత దూరమైతే ఏడాది మాసికం నాడు ఇంట్లో పెద్దావిడ చేని గట్టు మీద నిలబడి, ఆ దిక్కుకు తిరిగి, ఆ ఊరి పేరు చెప్పి, మనిషిని మూడుసార్లు గట్టిగా పిలుస్తుంది. పిలిచాక తన కాళ్ల కింది మన్ను ఎత్తితే అది అక్కడి మన్నే అవుతుంది. బొంబాయిలో పోయిన మరిదిని అలాగే పిలిచారు. దుబాయిలో పోయిన మేనల్లుణ్ణి అలాగే పిలిచారు. ఊరి పేరు మాత్రం తెలిసి ఉండాలి. అది జరిగేదాకా గద్దె మెత్తరు. శివరాజ్ సమాధి ఏడాదిగా రాళ్లు తేలి అలాగే ఉంది. ఈ ఏడాది మాసికం దాటితే ఇక పిలవడం లేదు.

శివరాజ్‌తో కలిసి అక్కడ పనిచేసిన బీదర్ పిల్లవాడు మొదట్లో వారానికోసారి ఫోను చేసేవాడు. హనుమమ్మ ఊరి పేరు అడిగిన రోజు నుంచి ఎత్తడం మానేశాడు.

*

మంగళవారం ఆమె ఆ కాగితం పట్టుకుని ఇంద్రసేన దగ్గరికి పోయింది. మొగుడంపల్లి దిక్కు పటేళ్ల ఇంటి మనిషి ఆయన. తన భూమి తగాదా కోసం సమాచార హక్కు చట్టం చదివి చదివి, తగాదా తేలకపోయినా చట్టం నోటికి వచ్చేసింది. ఇప్పుడు తహసీల్ ఆఫీసు ఎదుట జిరాక్సు దుకాణం అరుగు మీద కూర్చుని అడిగినవాళ్లకల్లా అర్జీలు రాసిపెడతాడు.

మన్ను సంగతి అర్జీలో రాయాలన్నది ఆయన ఆలోచనే. ఆ చట్టం కింద కాగితాలే కాదు, వస్తువుల నమూనాలు కూడా అడగవచ్చు. నిరుడు వాళ్ల ఊళ్లో వేసిన సిమెంటు రోడ్డు నమూనాను సంచిలో కట్టించుకుని తెచ్చిన మనిషి ఆయన. రోడ్డు ఇచ్చినవాళ్లు మన్ను ఎందుకివ్వరనుకున్నాడు.

ఇంద్రసేన కాగితం రెండుసార్లు చదివాడు. "చూసినవా హనుమమ్మా, గడువు లోపలనే జవాబిచ్చిన్రు. మనమంటే భయమున్నది."

"జవాబేడిది పటేలా? చెప్పం అన్న ముచ్చట రెండు బాసలల్ల రాసి పంపిన్రు."

"అవ్. పేపర్ల ఏమేస్తరు? ఇన్ని దేశాలకు ఇన్ని వేలమందిని పంపినం, లోకమంత మెచ్చుకున్నదని ఏస్తరు. మందిని లెక్కగట్టి చెప్తరు. ఏడ దించిన్రని అడుగు, గుట్టు అంటరు."

హనుమమ్మ కాసేపు ఆ కాగితం మీది ముద్ర వైపు చూసింది. "ఆడ మనుషులు లేరా పటేలా?"

"ఎందుకుండరు?"

"మేకలు కాసెటోల్లు, కట్టెలకు పోయెటోల్లు?"

"ఉంటరు."

"మనోల్ల డేరాలు ఏడున్నయో ఆల్లకు ఎరికే కదా. రోజు ఆ బాటనే పోతరు కదా. ఆ మేకలోల్లకు లేని గుట్టు నాకెందుకు?"

ఇంద్రసేన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. "గీ ముక్క అప్పీలుల రాయాలె," అన్నాడు.

"రాస్తే ఎప్పటికి వస్తది?"

"నెల, నెలన్నర. ఆల్లు గూడ కాదంటే కమిషను. గది రెండేండ్లు."

"ఐతారం యాడాది పటేలా."

ఆయన కలం మూత పెట్టేశాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. ఆమె వద్దని లేచింది.

ఆ సాయంత్రం వర్షిత సెల్లులో ఆ దేశం పటం వెతికి తీసింది. అందులో మన జెండా గుర్తులు పదకొండు చోట్ల ఉన్నాయి. అదీ నాలుగేళ్ల కిందటి పటం. హనుమమ్మ న్యాల్‌కల్‌లో ఉన్న చిన్నత్త సంగమ్మకు ఫోను చేయించింది. ఆదివారం పిలవవలసింది ఆవిడే.

"చిన్నత్తా, పదకొండు పేర్లు దొరికినయి. పదకొండిటినీ పిలుస్తవా?"

"మతి ఉన్నదా పిల్లా నీకు? పది ఊర్లు తప్పు పిలిస్తే పదిమంది పరాయోల్లు లేచొస్తరు. ఆల్లందరికి నువ్వు రొట్టెలు చేసి పెడ్తవా?" సంగమ్మ తన మాటకు తానే నవ్వింది. నవ్వు ఆగాక అంది, "ఒక్క పేరు తే. నా గొంతు ఇంక ఎన్నో దినాలు ఉండదు. ఒక్క పేరు తెస్తే సాలు."

*

గురువారం వర్షిత డాక్టరు సర్టిఫికెట్టు కోసం సంగారెడ్డి పోయింది. ఆ పిల్ల పరీక్ష రాసి, సికింద్రాబాదులో మిలిటరీ వాళ్ల ఆఫీసు ఒకదానిలో గుమాస్తా ఉద్యోగానికి ఎంపికైంది. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది.

పది గంటలప్పుడు ఇంటి ముందు మోటారు సైకిలు ఆగింది. దిగినతను మామూలు బట్టల్లోనే ఉన్నాడు గానీ బూట్లు పోలీసువి.

"హనుమమ్మ ఇల్లు గిదేనా? స్పెషల్ బ్రాంచికెల్లి వచ్చిన అమ్మా. జగన్‌మోహన్ అంటరు."

"నా బిడ్డ నౌకరి ఎంక్వైరీకా సారూ? రాండ్రి, కూసోండ్రి."

"గది గూడ ఉన్నది. ముందుగాల ఇంకోటి ఉన్నది." స్టూలు మీద కూర్చుని సంచిలోంచి రెండు ప్లాస్టిక్ ఫైళ్లు తీశాడు. పచ్చది తొడ మీద పెట్టుకుని నీలిది కాళ్ల దగ్గర పెట్టాడు. "మీరు పని ఆపకున్రి. నేనడుగుత, మీరు చెప్పున్రి."

"ఒక రొట్టె తింటరా సారూ?"

"వద్దమ్మా. డ్యూటీల ఉన్న."

"డ్యూటీల ఆకలి కాదా?"

అతను నవ్వాడు. ఆమె వేడి రొట్టె మీద ఎల్లిపాయ కారం, నూనెచుక్క వేసి ఇచ్చింది. "మా అమ్మ గూడ గింతే పల్చగ తట్టేది," అంటూ తిని, చెయ్యి కడుక్కుని, కలం తీశాడు.

"మన్ను ఎందుకడిగిన్రమ్మా?"

"సమాధికి సారూ."

"న్యాల్‌కల్ల మన్ను దొరకదా?"

ఆమె చెప్పింది. పెనిమిటి మన్ను సంగతి, బొంబాయి మరిది సంగతి చెప్పింది. అతను తలూపుతూ రాసుకున్నాడు. "ఆచారం కోసం. సరే. ల్యాబుకు పంపనీకి కాదు కదా?"

"ల్యాబంటే?"

"మన్ను పరీక్ష చేసే కాడ."

"ఒక్కసారి చేపిచ్చినం సారూ, ఆలుగడ్డ ఏసేటప్పుడు. సున్నం ఎక్కువున్నదన్నరు."

"గది రాయను తియ్," అని మళ్లీ నవ్వాడు. "మీ ఎనుక ఎవరన్న ఉన్నరా? సంఘమోల్లు, పార్టోల్లు, పేపరోల్లు?"

"నా ఎనుక గోడున్నది సారూ."

అతను అది కూడా రాయలేదు. 'ఎవరూ లేరు' అని రాసుకుని కాగితం తిప్పాడు. ప్రశ్నలు పై నుంచి ఇంగ్లీషులో రాసి పంపారు. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి తెలుగు చేసి అడుగుతున్నాడు. ఐదో ప్రశ్న, ఫలానా ఊరి దగ్గర మన క్యాంపు ఉన్న సంగతి మీకు ఎవరు చెప్పారు అని. ఊరి పేరు దగ్గర కొంచెం తడబడి, కూడబలుక్కుని చదివాడు. మూడు అక్షరాల పేరు.

హనుమమ్మ చెయ్యి ఆగింది.

"ఏమన్నరు సారూ? మల్లొక్కపారి."

ఆమెకు వినబడలేదనుకుని అతను ఆ పేరే ఇంకాస్త గట్టిగా చదివాడు. రాతిపలక మీద రొట్టె అంచు పగిలింది. పెనం మీదిది మాడి పొగ లేచింది.

"ఆన్నే పడ్డడా సారూ నా కొడుకు?"

జగన్‌మోహన్ ఆమె ముఖం చూశాడు. తర్వాత కాగితం చూశాడు. మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదువుకుని ఫైలు మూశాడు.

"నేను ఏ పేరు అనలేదమ్మా."

"అన్నరు సారూ. రెండుసార్లు అన్నరు."

"అనలేదు."

ఆమె పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది. అతని గొంతు తగ్గింది.

"అమ్మా, మీ మీద నాకు పగ లేదు. గీ కాగితం మీకు వినిపియ్యనీకి కాదు. రాసినోనికి రాయొద్దన్న సోయి లేదు, చదివినోనికి చదవద్దన్న సోయి లేదు. ఇప్పుడు ఆ పేరు బయటికొస్తే ఏడికెల్లి వచ్చిందంటరు? ఈ ఇంట్లకెల్లి అంటరు." కాళ్ల దగ్గరి నీలి ఫైలును చేత్తో తాకాడు. "అప్పుడు దీన్ల నేనేం రాయాలె? బిడ్డ పోయేది మిలిటరీ ఆఫీసుకు. ఇంట్లోల్లు మిలిటరీ గుట్టు నలుగుట్ల చెప్పిన్రు అని ఒక్క లైను సాలు. ఆ నౌకరే కాదు, ఏ సర్కారు నౌకరి గూడ రాదు."

"మీరు రాస్తరా సారూ?"

"నేను రాయకుంటే నా మీద ఇంకోడు రాస్తడు."

సంచిలోంచి తెల్లకాగితం తీసి తొడ మీద పెట్టుకుని తనే రాశాడు. రాసింది చదివి వినిపించాడు. హనుమమ్మ అను నాకు ఏ విదేశీ స్థలం పేరు తెలియదు, నాకు ఎవరూ చెప్పలేదు, తెలుసుకోవాలనే కోరిక కూడా నాకు లేదు, నా అర్జీ వాపసు తీసుకుంటున్నాను.

"కోరిక లేదని రాసిన్రా?"

"గట్లనే రాయాలె."

"గా ఒక్క ముక్క తీసెయ్యరాదా సారూ? మిగిలిందంతా ఉండనీ."

"తీసేస్తే వాపసు చెల్లదమ్మా. మల్ల ఎప్పుడో అడుగుతరని అంటరు."

ఇంకు డబ్బా తెరిచాడు. ఆమె బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. గీతల్లో జొన్నపిండి నిండి ఉండి ముద్ర పడలేదు. నల్లని మచ్చలో తెల్లటి పొరలు మాత్రం కనిపించాయి. "కడుక్కొని రాండ్రి," అన్నాడు. ఆమె బిందె దగ్గర కూర్చుని పీచుతో వేలు తోముకుని వచ్చింది. రెండోసారి గీతలన్నీ పడ్డాయి.

తర్వాత నీలి ఫైలు తీసి వర్షిత పుట్టిన తేదీ, చదివిన బళ్లు అడిగి రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగాడు. "ఐతారం నేను గూడ వస్త. డ్యూటీకని అనుకోండ్రి, మొక్కనీకని అనుకోండ్రి. జనం సెల్లుల్ల తీస్తరు, అందరికి పంపుతరు. జర పైలం."

అతను పోయాక ఆమె మళ్లీ పొయ్యిలోకి కట్టె తోసింది. హోటలు వాళ్లకు ఇంకా సగం రొట్టెలు పోవాలి. తడుతూ ఆ పేరును నోట్లోనే అనుకుంది. తట్టుకొక అక్షరం. మరిచిపోతానేమోనని భయం, మరిచిపోతే బాగుండునేమోనని ఇంకో భయం.

సాయంత్రం వర్షిత చేతిలో సర్టిఫికెట్టుతో వచ్చింది. "ఎంక్వైరీ సారు వచ్చిండట కదా? పక్కింటోల్లు చెప్పిన్రు. ఏమన్నడమ్మా?"

"మంచోడే. రొట్టె తిన్నడు."

*

ఆదివారం చేనులో ముప్పై మంది దాకా చేరారు. చుట్టూ శనగ మోకాలెత్తు కూడా లేదు. సమాధి పక్కన మట్టి పోసి, నీళ్లు పోసి, సన్నగా కోసిన గడ్డి కలిపి తొక్కుతున్నారు. ఇంద్రసేన తెల్లటి బట్టల్లో వచ్చి ఒక రాయి మీద కూర్చున్నాడు. జగన్‌మోహన్ బాట మీదే మోటారు సైకిలు ఆపి, చెప్పులు విడిచి వచ్చి, వెనక నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఎవరో కుర్రవాళ్లు సెల్లులు పైకెత్తి పట్టుకున్నారు.

సంగమ్మను ఇద్దరు పట్టుకుని గట్టు ఎక్కించారు. రాగిచెంబు చేతిలోకి తీసుకుని పడమర దిక్కుకు తిరిగింది.

"ఏ ఊరు పిల్లా?"

హనుమమ్మ గట్టు కింద నిలబడి ఉంది. పేరు గొంతులోకి వచ్చింది. మూడు అక్షరాలే. ఒక్క ఊపిరి చాలు. వెనక్కి తిరగకుండానే ఆమెకు సెల్లులు పట్టుకున్న చేతులు కనిపించాయి, తెల్లకాగితం మీద నల్లటి వేలిముద్ర కనిపించింది. పక్కనే వర్షిత తల మీది కొంగు సవరించుకుంటూ, ఒక చేత్తో తల్లి భుజం పట్టుకుని ఉంది.

"ఏ ఊరే?" సంగమ్మ మళ్లీ అడిగింది.

"ఎరికలేదు చిన్నత్తా."

ముసలామె చాలాసేపు ఆమె వైపే చూసింది. కళ్లు సరిగా కనపడని మనిషి, అయినా చూసింది. తర్వాత పడమరకు తిరిగి చెంబు ఎత్తింది. "ఏడున్నవో ఆడికెల్లి రా శివరాజా!" అని పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారికి గొంతు చీలి మాట సగంలో పోయింది.

మన్ను ఎత్తడానికి వంగలేదు. "ఊరు చెప్పకుండ పిలిచిన పిలుపుకు మన్ను ఎత్తద్దు," అంది. "మెత్తుండ్రి. ఉత్త మన్నుతోనే మెత్తుండ్రి." చెంబులో నీళ్లు గట్టు మీదే పారబోసింది.

మెత్తారు. నలుగురు ఆడవాళ్లు నాలుగు వైపులా కూర్చుని మధ్యాహ్నం కల్లా గద్దెను నున్నగా చేశారు. హనుమమ్మ తల వైపు మెత్తింది. జగన్‌మోహన్ వచ్చి మొక్కి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు, "పొద్దుగాలనే పంపిన అమ్మా, అమ్మాయి ఫైలు. మంచిగ రాసిన," అని వెళ్లిపోయాడు. ఇంద్రసేన అప్పీలు రాసుకుని వచ్చానంటూ జేబులోంచి కాగితం తీశాడు. హనుమమ్మ మట్టి చేతులు చూపించి, "ఇప్పుడొద్దు పటేలా," అంది. ఆయన మడత పెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో ఆటోలో తల్లీకూతుళ్లే ఉన్నారు. ఏడ్చి ఏడ్చి వర్షిత ముఖం ఉబ్బింది.

"నువ్వు రంది పెట్టుకోకమ్మా. నౌకర్ల చేరనీ. ఫైళ్లన్నీ ఆడనే ఉంటయి. లోపలోల్లను అడిగి మెల్లగ నేనే తెలుసుకుంట. సంగమ్మవ్వ కాళ్లు పట్టుకోని వచ్చే యాడాది మల్ల పిలిపిద్దాం."

"అడగకు," అంది హనుమమ్మ.

"ఏ, ఎందుకు?"

"ఎవ్వరినీ అడగకు బిడ్డా."

"యాడాది సంది తిరిగింది నువ్వే కదా? తహసీలు కాడ ఎండల కూసున్నది నువ్వే కదా? పేరు నీకే కదా కావాల్సింది?"

"నాకొద్దు. తెలుసుకోవాలని నాకు లేదు."

వర్షిత ఆమె భుజం మీదినుంచి చెయ్యి తీసేసింది. తల్లిని కాక, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూసింది. "అన్న నీ కడుపున పుట్టలేదా?" అంది.

హనుమమ్మ గోళ్లలో ఎండిన మట్టిని ఇంకో గోటితో తీస్తూ కూర్చుంది. వర్షిత ముఖం అటు తిప్పుకుంది. జహీరాబాద్ వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. ఉద్యోగం కాగితం వచ్చి సికింద్రాబాదుకు బస్సెక్కిన రోజున కూడా తల్లితో ముక్తసరిగానే మాట్లాడి వెళ్లింది.

ఈ కథ రాసింది నీలమ్మ, అరవై నాలుగేళ్లు. పుట్టింది రాయికోడ్ దిక్కు. ఇప్పుడు ఉంటున్నది జహీరాబాద్‌లో, హనుమమ్మ ఇంటికి మూడిళ్ల అవతల.